ముప్పిరి: తోలులో దాగిన తాడు

మన నిఘంటువులలో ‘ముప్పిరి’ అని ఒక చక్కని మాట ఉన్నది. మూడు పిరులు కలది ముప్పిరి. పిరి అన్నా, పురి అన్నా తాడుకు పెట్టే మెలి. ఆనందం ముప్పిరిగొన్నదని, శోకం ముప్పిరిగొన్నదని కవులు వ్రాస్తే చదివి తల ఊపుతామే గాని, ఆ మాట తాళ్ళు పేనేవాని అరచేతిలో పుట్టి కావ్యంలోకి నడిచివచ్చినదని సాధారణంగా స్ఫురించదు. పలుపు, మోకు, చేంతాడు, నులక అంటూ తాడుకు ఇన్ని పేర్లు పెట్టుకున్న జాతి, దాని అల్లికనుండి ఒక అలంకారాన్ని కూడా తీసుకోవడంలో వింత లేదు.

గోదావరి డెల్టాలో కొబ్బరిపీచుతో తాడు పేనడం చూసినవారికి ఈ క్రింది మాట కొత్త కాదు. చూడనివారికోసం చెబుతున్నాను. మొదట పీచును ఒకవైపుకు మెలిపెట్టి సన్నని పురి తీస్తారు. అటువంటి పురులు మూడింటిని దగ్గరకు చేర్చి, ఈసారి మొదటి మెలికి ఎదురు దిశలో పేనుతారు. ఆ ఎదురు దిశలోనే మర్మమంతా ఉన్నది. విడివిడి పురులు విప్పుకోవాలని చూస్తే ఆ ప్రయత్నమే పెద్ద మెలిని మరింత బిగిస్తుంది. పెద్ద మెలి సడలబోతే చిన్న పురులు బిగుసుకుంటాయి. రెండు బలాలు ఒకదానినొకటి పట్టుకొని నిలుస్తాయి. అన్ని మెలులూ ఒకే దిశలో పెట్టి చూడండి, చేయి వదలిన క్షణాన తాడు విచ్చుకొని పీచు మిగులుతుంది.

మనిషి ఈ విద్యను ఎప్పుడు నేర్చాడో గాని, ప్రాణికోటి శరీరాలలో ఇది అంతకు కోట్ల సంవత్సరాల ముందే ఉన్నది. సముద్రపు అడుగున బండను అంటిపెట్టుకొని బ్రతికే స్పంజిక మొదలు మనిషి వరకు జంతువులన్నింటిలోనూ ఈ ముప్పిరి తాడే శరీరాన్ని చెదరకుండా పట్టి ఉంచుతున్నది. దాని పేరు కొల్లాజెన్. చర్మం, ఎముక, పంటి లోపలి భాగం, మృదులాస్థి, కండరాన్ని ఎముకకు కట్టే స్నాయువు, చివరకు వెలుతురును లోనికి పంపే కంటి నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొర, వీటన్నింటి బలం దానినుండే వస్తున్నది. మన దేహంలోని మాంసకృత్తులు మొత్తంలో నాలుగోవంతుకు పైగా ఇదే. ఇన్ని ఉన్నా ఇది జీవకణానికి లోపలి వస్తువు కాదు. కణం దీనిని తయారుచేసి బయటికి పంపుతుంది. కణానికీ కణానికీ నడుమనున్న జాగాలో ఇది పోగులు పోగులుగా పేరుకొని, కణాలు నిలబడడానికి ఒక పందిరి వేస్తుంది. మాకు సమీపంలోని భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి కీర్తి కణం లోపలి వ్యాపారానికి, అంటే కండరానికి శక్తినిచ్చే భాస్వర సమ్మేళనాలకు సంబంధించినది. ఆ కథ తెలుగువారిలో చాలామందికి తెలుసు. నేను చెప్పబోయేది కణం వెలుపలి కథ. ఇందులో కూడా ఒక తెలుగువాడు ఉన్నాడు.

కొల్లాజెన్ అన్న పేరులోనే దాని పూర్వచరిత్ర ఉన్నది. గ్రీకు భాషలో ‘కొల్ల’ అంటే బంక. బంకను పుట్టించేది కొల్లాజెన్. తోలును, ఎముకలను, స్నాయువులను నీటిలో చాలాసేపు ఉడికిస్తే చిక్కని బంక దిగుతుందని లోకమంతటా ప్రాచీనులకు తెలుసు. మన వరాహమిహిరుడు బృహత్సంహితలో వజ్రలేపాలకు ఒక అధ్యాయమే కేటాయించాడు. ఆలయాలకు, విగ్రహాలకు పూసే ఆ లేపాలలో ఒకదానికి చెప్పిన సామగ్రిలో పశువుల కొమ్ములతోపాటు మహిషచర్మం కూడా ఉన్నది. వేపరసం, వెలగరసం కలిపి ఉడికించాలని విధానం. ఆరవ శతాబ్దపు జ్యోతిష్కుడు గేదెతోలును గూర్చి ఇంత శ్రద్ధగా వ్రాశాడంటే, ఆ వస్తువును చేతపట్టి పనిచేసేవారి అనుభవాన్ని ఎవరో ఆయనకు చేరవేసి ఉండాలి. ఆ పనివారి పేర్లు మాత్రం గ్రంథంలోకి ఎక్కలేదు.

వంటింటి సాక్ష్యం కూడా ఒకటి ఉన్నది. రాత్రి వండిన చేపల పులుసు తెల్లవారేసరికి గడ్డకట్టి ఉంటుంది. పొయ్యిమీద పెడితే మళ్ళీ కరుగుతుంది. చేప చర్మంలోని ముప్పిరి తాళ్ళు ఉడుకుకు విప్పుకొని, పురులు పులుసులో కలిసిపోయి, చల్లారగానే ఎలా పడితే అలా చిక్కుపడి నీటిని తమలో పట్టి ఉంచడమే ఆ గడ్డ. సంతలో అమ్మే జెలటిన్ ఇదే వస్తువు. పురి విప్పిన కొల్లాజెన్‌కు జెలటిన్ అని మరొక పేరు, అంతే.

ఇక తాడు కథ మద్రాసుకు నడుస్తుంది. 1952వ సంవత్సరం. తెలుగువారికి ఆ ఏడాది మద్రాసు అంటే మైలాపూరులో బులుసు సాంబమూర్తిగారి ఇల్లు గుర్తుకు వస్తుంది. పొట్టి శ్రీరాములుగారు అక్టోబరు 19న దీక్ష ఆరంభించి డిసెంబరు 15న ప్రాణం విడిచినది అక్కడే. మద్రాసు ఎవరిదన్న ప్రశ్న వీధులలో రగులుతున్న ఆ సంవత్సరంలోనే ఊరికి మరొక కొసన, గిండీలో, మద్రాసు విశ్వవిద్యాలయపు భౌతికశాస్త్ర శాఖకు ముప్పై ఏళ్ళ యువకుడు ఒకరు ఆచార్యుడై వచ్చారు. ఆయన పేరు జి.ఎన్. రామచంద్రన్. ఎర్నాకుళంలో పుట్టి, బెంగుళూరులో సి.వి. రామన్ వద్ద శిష్యరికం చేసి, కేంబ్రిడ్జిలో రెండేళ్ళు ఉండి వచ్చినవారు. స్ఫటికాల గుండా ఎక్స్‌కిరణాలు పంపి, వెలుపలికి వచ్చే చుక్కల వరుసలనుబట్టి లోపలి అణువుల అమరికను ఊహించడం ఆయన విద్య.

ఆ రోజులలో మద్రాసుకు వచ్చిన బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు జె.డి. బెర్నాల్ మాటల సందర్భంలో, కొల్లాజెన్ నిర్మాణం ఇంతవరకు ఎవరికీ సరిగా చిక్కలేదని రామచంద్రన్‌తో అన్నారు. అది నిజమే. అంతకు ముందు ఏడాది, 1951లో, అమెరికాలో లైనస్ పౌలింగ్, రాబర్ట్ కోరీ మాంసకృత్తుల నిర్మాణాలమీద ఒక్కుమ్మడిగా అనేక పత్రాలు ప్రకటించారు. వాటిలో ఆల్ఫా సర్పిలం శాశ్వతంగా నిలిచింది. కొల్లాజెన్‌కు వారు చూపిన మూడు గొలుసుల నమూనా మాత్రం నిలవలేదు. పౌలింగ్ అంతటివాడు తడబడిన చోట ఒక పేద దేశపు విశ్వవిద్యాలయం పూనుకోవడానికి ధైర్యం కావాలి. ధైర్యంతోపాటు సరకు కూడా కావాలి, అంటే శుద్ధమైన కొల్లాజెన్, పోగులన్నీ ఒకే వరుసలో ఉన్నది.

ఆ సరకు పక్కనే దొరికింది. గిండీ ప్రాంగణానికి పొరుగున అడయారులో కేంద్రీయ తోలు పరిశోధన సంస్థ ఉన్నది. 1948లో దానికి పునాదిరాయి వేశారు. రామచంద్రన్, ఆయన సహచరుడు గోపీనాథ కర్తా వాడిన కంగారూ తోకలోని స్నాయువు ఆ సంస్థనుండి వచ్చినదే. కంగారూ గెంతేటప్పుడు తోక మోసే బరువు సామాన్యమైనది కాదు. ఆ తోకలోని స్నాయువు పోగులు దువ్వెనతో దువ్వినట్లు ఒకే దిశలో ఉంటాయి. ఎక్స్‌కిరణాల చిత్రానికి అంతకంటె అనుకూలమైనది ఏముంటుంది?

ఇక్కడ ఒక క్షణం ఆగాలి. తోలు సంస్థ మద్రాసులో ఎందుకు ఉన్నది? మద్రాసు రాజధాని ప్రాంతం తోలు ఊనడంలో శతాబ్దాలుగా పేరుపొందినది. తంగేడు చెక్కతో, కరక్కాయతో ఊనిన తోళ్ళు ఇక్కడనుండి ఓడలమీద ఐరోపాకు వెళ్ళేవి. తెలుగుదేశంలో ఊరూరా ఈ పని జరిగేది. మాదిగవాడలలో లందలు ఉండేవి. పచ్చితోలును సున్నపు నీటిలో నానవేసి, వెంట్రుకలు ఊడదీసి, తంగేడు చెక్క దంచి పోసిన నీటిలో రోజుల తరబడి ఊరవేస్తే, రెండు రోజులలో కుళ్ళిపోవలసిన చర్మం ఇరవై ఏళ్ళు నిలిచే తోలయ్యేది. మెట్ట ప్రాంతాలలో మోటబావికి కపిలతోలు, రైతు కాలికి చెప్పు, ఎద్దు మెడకు పట్టెడ, దేవుని ముందు డప్పు, అన్నీ ఆ లందలోనుండి వచ్చినవే. ఊరికి ఇవి లేనిదే పూట గడవదు. వీటిని చేసినవారిని మాత్రం ఊరి వెలుపల ఉంచారు. జాషువాగారి ‘గబ్బిలం’ 1941లో వెలువడింది. దాని నాయకుడు అరుంధతీసుతుడు. ఆ కావ్యాన్ని తరగతిలో పాఠంగా చెప్పడం సులువే. లందలో పని ఎట్లా జరుగుతుందో, తంగేడు చెక్క తోలును ఏమి చేస్తుందో ఏ పిల్లవాడైనా లేచి అడిగితే మాత్రం మాబోటి తెలుగు పండితులకు సమాధానం ఉండేది కాదు. ఆ జ్ఞానం ఉన్నవారు బడి గుమ్మానికి అవతల ఉండేవారు.

ఆ గుమ్మాన్ని శాస్త్రం వైపునుండి దాటినవారిలో ముఖ్యుడు యలవర్తి నాయుడమ్మగారు. 1922 సెప్టెంబరు 10న గుంటూరు జిల్లా తెనాలి ప్రాంతంలోని యలవర్రులో రైతు కుటుంబంలో పుట్టారు. రామచంద్రన్ పుట్టినది అదే ఏడు అక్టోబరు 8న. ఇద్దరికీ నెలరోజుల తేడా కూడా లేదు. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో చదివి, మద్రాసులో తోలు విద్యలో చేరి, అమెరికాలోని లీహై విశ్వవిద్యాలయంలో డాక్టరేటు సంపాదించి తిరిగివచ్చారు. వ్యవసాయ కుటుంబంలో పుట్టినవాడు తోలుపనిని జీవితవిద్యగా ఎంచుకోవడం ఆ కాలంలో బంధువర్గానికి రుచించే సంగతి కాదు. 1958లో అడయారు సంస్థకు డైరెక్టరై, 1971 వరకు ఆ పదవిలో ఉన్నారు. తోలు ఊనేవారి వాడలకు వెళ్ళి, వారి పద్ధతులను చూసి, వాటిని సంస్కరించి తిరిగి వారికే అందించాలన్నది ఆయన పట్టుదల. రామచంద్రన్‌ది తోలులోని అణువును చూసే కన్ను. నాయుడమ్మది తోలును పట్టుకున్న చేతిని చూసే కన్ను. రెండూ ఒకే వీధిలో ఉండడం మద్రాసు చేసుకున్న అదృష్టం.

మళ్ళీ స్నాయువు వద్దకు వద్దాం. మాంసకృత్తి అంటే అమైనో ఆమ్లాలు పూసలుగా గుచ్చిన దండ. పూసలు ఇరవై రకాలు. కొల్లాజెన్‌లో గ్లైసీన్ అనే పూస మొత్తంలో మూడోవంతు ఉన్నదని రసాయన విశ్లేషణ అప్పటికే చెప్పింది. ప్రోలీన్, హైడ్రాక్సీప్రోలీన్ అనేవి కూడా మరెక్కడా లేనంత ఎక్కువ. చూసినవారందరూ చూసిన లెక్కే ఇది. రామచంద్రన్, కర్తాలు దానిని మరొక విధంగా చదివారు. మూడోవంతు గ్లైసీన్ అంటే, ప్రతి మూడవ పూసా గ్లైసీనే అయి ఉండాలి. అలా ఎందుకు ఉండాలి? గ్లైసీన్ అన్నింటికంటె చిన్న పూస. మిగిలిన వాటికి పక్కకు పొడుచుకు వచ్చే కొమ్మ ఒకటి ఉంటుంది. గ్లైసీన్‌కు ఉన్నది ఒక్క ఉదజని పరమాణువు మాత్రమే. మూడు దండలు ఒకదానినొకటి ఒరుసుకొని పెనవేసుకుంటే నడుమ ఏర్పడే సందు బహు ఇరుకు. అక్కడ గ్లైసీన్ తప్ప మరేదీ పట్టదు. ప్రతి దండా మూడు పూసలకొకసారి లోపలికి తిరుగుతుంది. కనుక ప్రతి మూడవ స్థానం గ్లైసీన్‌ది.

ఈ నమూనా 1954 ఆగస్టులో ‘నేచర్’ పత్రికలో అచ్చయింది. అందులో మూడు దండలు పక్కపక్కన నిటారుగా నడిచాయి. ఎక్స్‌కిరణాల చిత్రంలోని చుక్కలు మరికొంత జాగ్రత్తగా కొలిచేసరికి, ఒక చుట్టుకు సరిగ్గా మూడు పూసలు కాక మూడుకు పైన మరికొంత వచ్చింది. ఆ కొసరుకు అర్థం ఏమిటి? దండలు నిటారుగా లేవు, ఒకదానిచుట్టూ ఒకటి మెల్లగా మెలిదిరుగుతున్నాయి. 1955 సెప్టెంబరులో అదే పత్రికలో ఆ సవరణ వచ్చింది. ఒక్కొక్క దండ ఎడమకు తిరిగే సర్పిలం, మూడూ కలిసి కుడికి తిరిగే పెద్ద సర్పిలం. కొబ్బరితాడు పేనేవాడు చేసే ఎదురు మెలి ఇదే.

కొలతలు కూడా చెప్పుకుందాం. దండలో ఒక్కొక్క పూస తాడు పొడవునా ఆక్రమించే దూరం దాదాపు 0.29 నానోమీటర్లు. చర్మంలో, ఎముకలో ఉండే ముఖ్యమైన కొల్లాజెన్‌లో దండకు వెయ్యికి పైగా పూసలు. గుణిస్తే తాడు పొడవు సుమారు 300 నానోమీటర్లు వస్తుంది. వెడల్పు ఒకటిన్నర మాత్రమే. ఒకటిన్నర సెంటిమీటరు లావున్న మోకుగా దానిని ఊహిస్తే మూడు మీటర్ల పొడవుంటుంది. వెయ్యి స్థానాలలో ప్రతి మూడవదీ తప్పకుండా గ్లైసీన్. ఇంతటి యతినియమం మన ఛందస్సులో కూడా అరుదు. సీసపద్యంలో యతి తప్పితే పండితుడు ముఖం చిట్లిస్తాడు, పద్యం మాత్రం బ్రతుకుతుంది. ఇక్కడ ఒక్కచోట గ్లైసీన్ తప్పి మరొక పూస వస్తే, పుట్టే బిడ్డ ఎముకలు పెళుసుబారి, ఎత్తుకుంటేనే విరిగే స్థితి కలుగవచ్చు. ఏ స్థానంలో తప్పిందన్నదానిని బట్టి వ్యాధి స్వల్పంగానూ ఉండవచ్చు, ప్రాణాంతకం కూడా కావచ్చు.

నమూనా వచ్చినంత మాత్రాన వివాదం తీరలేదు. కేంబ్రిడ్జిలో ఫ్రాన్సిస్ క్రిక్, అలెగ్జాండర్ రిచ్ ఇద్దరూ 1955 నవంబరులో తమ నమూనాను ప్రకటించారు. లండన్‌లో కోవన్, మెక్‌గావిన్, నార్త్ అనేవారు కూడా అదే ఏడాది అదే త్రోవకు వచ్చారు. మూడు దండలు, ఎదురు మెలులు, మూడవ స్థానంలో గ్లైసీన్, ఈ ముఖ్యాంశాలలో అందరిదీ ఒకే మాట. ఆ మాట మొదట మద్రాసునుండి వచ్చింది. తేడా ఎక్కడంటే, మూడు పూసల త్రికానికి దండలను కట్టిపట్టే ఉదజని బంధాలు రెండని మద్రాసు వారు, ఒకటేనని కేంబ్రిడ్జి వారు. రెండు బంధాలు కుదరాలంటే కొన్ని పరమాణువులు ఒకదానిమీద ఒకటి ఎక్కినంత దగ్గరకు రావాలని, అది అసంభవమని క్రిక్ ప్రభృతుల ఆక్షేపణ.

ఈ విషయంలో మనవారు అని పక్షపాతం చూపనక్కరలేదు. నేరుగా ఉండే ఉదజని బంధం త్రికానికి ఒకటే అని తరువాతి పరిశోధనలు తేల్చాయి. 1968లో రామచంద్రన్, చంద్రశేఖరన్ రెండవ బంధం నడుమ ఒక నీటి అణువు వారధిగా ఏర్పడవచ్చునని ప్రతిపాదించారు. 1994లో బెల్లా, ఈటన్, బ్రాడ్‌స్కీ, బెర్మన్ అనే నలుగురు కొల్లాజెన్‌ను పోలిన ఒక చిన్న అణువును స్ఫటికంగా చేసి, పరమాణువు పరమాణువుగా చూశారు. ముప్పిరి ఉన్నది, త్రికానికి నేరు బంధం ఒకటే ఉన్నది, తాడుచుట్టూ నీటి అణువులు అల్లుకొని ఉన్నాయి. కావాలని ఒక గ్లైసీన్ బదులు అలనీన్ పెట్టిన చోట తాడు కాస్త ఉబ్బి, బంధాల నడుమ నీరు చొరబడింది. ఎముక పెళుసుబారే వ్యాధిలో జరిగేదేమిటో కంటికి కనబడినట్లయింది.

అయితే క్రిక్ వేసిన ఆక్షేపణ రామచంద్రన్‌ను మరొక దారి పట్టించింది. ‘దగ్గరకు రాకూడదు’ అంటున్నారు సరే, ఎంత దగ్గరకు రావచ్చు? ఎక్కడా ఖచ్చితమైన లెక్క లేదు. ఆయన, వి. శశిశేఖరన్, సి. రామకృష్ణన్ కలిసి, అప్పటికి తెలిసిన స్ఫటికాలన్నింటిలో ఏ పరమాణువు ఏ పరమాణువుకు ఎంత దూరాన ఉన్నదో గాలించి పట్టిక వేశారు. దండలో ప్రతి పూసకూ రెండు కీళ్ళు ఉంటాయి. ఆ రెండు కీళ్ళు ఏయే కోణాలలో తిరిగితే పరమాణువులు ఢీకొనవో లెక్కగట్టి, ఒక చదరపు పటం గీశారు. 1963లో అది ప్రకటితమైంది. దానికే రామచంద్రన్ పటమని పేరు. పటంలో అధికభాగం నిషిద్ధభూమి, అనుమతి ఉన్నవి కొద్ది ద్వీపాలు మాత్రమే. ఏ దేశంలో ఏ మాంసకృత్తి నిర్మాణాన్ని తేల్చినా ఈనాటికీ ముందుగా ఈ పటంమీద పెట్టి పరీక్షిస్తారు. కంప్యూటర్లు తమంతట తామే నిర్మాణాలను ఊహించి చెబుతున్న ఈ రోజులలో కూడా ఆ ఊహను ఒరిపెట్టే గీటురాళ్ళలో అది ఒకటి. కంగారూ తోకమీద మొదలైన జగడం ఇంత దూరం వచ్చింది. పూర్వపక్షం గట్టిదైతేనే సిద్ధాంతం గట్టిపడుతుందని మన తర్కశాస్త్రజ్ఞులకు తెలియని సంగతి కాదు.

ఇప్పుడు లందలోని తంగేడు నీరు ఏమి చేస్తుందో చెప్పవచ్చు. తడి పచ్చితోలును వేడినీటిలో పెట్టి మెల్లగా కాచండి. 60, 65 డిగ్రీలు వచ్చేసరికి అది చప్పున ముడుచుకుపోతుంది. ముప్పిరి తాళ్ళు విచ్చుకోవడమే ఆ ముడుచుకోవడం. తంగేడు చెక్కలో, కరక్కాయలో ఒగరునిచ్చే టానిన్లు ఉంటాయి. అవి తాళ్ళ సందులలోకి చొరబడి, అనేక చోట్ల ఉదజని బంధాలతో పక్కపక్క తాళ్ళను కలిపి పట్టుకుంటాయి. నీరు ఉండవలసిన చోటును అవి ఆక్రమిస్తాయి. కుళ్ళబెట్టే సూక్ష్మజీవుల ఎంజైములకు తాడు అంతగా అందదు. అలా ఊనిన తోలు 75 నుండి 85 డిగ్రీల వరకు తట్టుకుంటుంది. క్రోమియం లవణాలతో ఊనితే ఆ లోహం తాళ్ళ నడుమ మరింత గట్టి ముడి వేస్తుంది, మరిగే నీటిలో పెట్టినా తోలు ముడుచుకోదు. కరక్కాయ నమిలినప్పుడు నోరు పిడచగట్టడం కూడా దాదాపు ఇటువంటి క్రియే, అక్కడ టానిన్లు పట్టుకునేది లాలాజలంలోని మాంసకృత్తులను. ఎన్ని రోజులు ఊరవేయాలి, చెక్క ఎంత మెత్తగా దంచాలి, పలుచని నీటితో మొదలుపెట్టి చిక్కని నీటికి ఎందుకు పోవాలి, ఇవన్నీ మాదిగవాడలోని వృద్ధులకు చేతివేళ్ళమీద ఉండేవి. మొదటే చిక్కని నీటిలో వేస్తే పైపొర బిగుసుకుపోయి లోపలికి మందు దిగదు. దీనిని రసాయనశాస్త్రమని ఎవరూ పిలవలేదు గాని, అది రసాయనశాస్త్రమే.

ఉసిరికాయ కథను కూడా ఇక్కడే ముగిస్తాను. ప్రోలీన్ హైడ్రాక్సీప్రోలీన్‌గా మారితేనే ముప్పిరి శరీరపు వేడికి తట్టుకుంటుంది. ఆ మార్పు చేసే ఎంజైము సక్రమంగా పనిచేయడానికి విటమిన్ సి కావాలి. అది లేనప్పుడు తాడు వదులవుతుంది, చిగుళ్ళనుండి రక్తం కారుతుంది, పాత గాయాలు తిరిగి తెరుచుకుంటాయి. నెలల తరబడి ఓడలమీద ఉండే నావికులను తినివేసిన స్కర్వీ వ్యాధి ఇదే. చల్లని సముద్రాలలో తిరిగే కాడ్ చేపలో హైడ్రాక్సీప్రోలీన్ తక్కువ, దాని తాడు సుమారు 15 డిగ్రీలకే విచ్చుకుంటుంది. ఉష్ణరక్త జంతువుల తాడు దాదాపు 40 డిగ్రీల వరకు ఆగుతుంది. ఏ ప్రాణి ఎంత వేడిలో బ్రతుకుతుందో దాని తాడు పురి అంతకు సరిపోయేటట్లు ఉన్నది.

మనిషిలో ఈ తాడుతో తయారైన కొల్లాజెన్లు 28 రకాలని లెక్క తేలింది. అంతేకాక, కొల్లాజెన్ అనిపించుకోని మాంసకృత్తులలో కూడా ఈ ముప్పిరి ముక్క ఒక ఖండంగా కనిపిస్తుంది. రక్తంలో తిరుగుతూ క్రిములను గుర్తించే సి1క్యూ అనేది తామరతూళ్ళ కట్టలాగ ఉంటుంది, ఆ తూళ్ళు ముప్పిరులే. ఊపిరితిత్తుల లోపలి గోడలను కాపాడే కొన్ని మాంసకృత్తులలోనూ ఇదే ఉన్నది. ఒకసారి కుదిరిన పనిముట్టును ప్రకృతి వదిలిపెట్టదు, చెంతాడుకు పేనినదానినే ఉట్టికీ కట్టుకున్నట్లు.

1960 చివరలో అడయారులోని తోలు సంస్థ కొల్లాజెన్‌మీద ఒక గోష్ఠి జరిపింది. అప్పటికి డైరెక్టరు నాయుడమ్మగారే. ఆ గోష్ఠి పత్రాలు 1962లో ఎన్. రామనాథన్ సంపాదకత్వంలో గ్రంథంగా వచ్చాయి. 1963 జనవరిలో మద్రాసు విశ్వవిద్యాలయం మాంసకృత్తుల నిర్మాణంపై అంతర్జాతీయ సభ జరిపింది. కొద్ది ఏళ్ళపాటు ఆ ఊరు ఈ విద్యకు ఒక క్షేత్రం. 1971లో ఇద్దరూ ఒకే ఏడాది మద్రాసు విడిచారు. రామచంద్రన్ బెంగుళూరుకు వెళ్ళి భారతీయ విజ్ఞాన సంస్థలో అణుజీవభౌతిక విభాగాన్ని నెలకొల్పారు. నాయుడమ్మ ఢిల్లీకి వెళ్ళి శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధన మండలికి డైరెక్టర్ జనరల్ అయ్యారు. 1985 జూన్ 23న కెనడానుండి వస్తున్న ‘కనిష్క’ విమానం ఐర్లండ్ తీరానికి సమీపంలో బాంబు ప్రేలి సముద్రంలో కూలినప్పుడు, మరణించిన 329 మందిలో నాయుడమ్మగారు ఒకరు. రామచంద్రన్ 2001 ఏప్రిల్ 7న కన్నుమూశారు.

తెలుగు విద్యార్థుల పాఠ్యగ్రంథాలలో నాయుడమ్మగారి జీవితం అక్కడక్కడ కనిపిస్తుంది. ఆయన పదవులు, పురస్కారాలు, విమాన ప్రమాదం ఉంటాయి. తోలు అంటే ఏమిటో, తంగేడు చెక్క దానిని ఎలా కాపాడుతుందో ఉండదు. ఆ పాఠం వ్రాసేవారు దొరికితే, జీవశాస్త్రం, రసాయనశాస్త్రం, సాంఘికం, తెలుగు నలుగురు ఉపాధ్యాయులూ ఒకే తరగతిగదిలో కూర్చుని చెప్పవలసి వస్తుంది. పలుపుతాడు ఒకటి తెచ్చి పిల్లలచేత పురి విప్పించి, మళ్ళీ పేనించవచ్చు. మొదట ఎడమకు, తరువాత మూడూ కలిపి కుడికి.